సంక్రాంతి రంగులు, ఆషాఢం పెచ్చులు

ధనుర్మాసం పెట్టేసరికి శ్రీకాకుళంలో రంగుల దుకాణాల ముందు ఆటోలు బారులు తీరతాయి. పుట్టీ బస్తాలు, ప్రైమర్ డబ్బాలు, ఎమల్షన్ బకెట్లు ఊళ్ళకి బయల్దేరతాయి. పండక్కి గోడలు కొత్తగా కనబడాలి, అది మా వైపు తప్పని ముచ్చట. రంగు మీద నాకేం కోపం లేదు. నా తగువంతా ఆ నెలతో. గోడలు పీకల్దాకా నీళ్ళు తాగి, ఇంకా ఆరకుండా ఉండే కాలం అది. సరిగ్గా అప్పుడే వాటి మూతి మూసేస్తాం. మళ్ళీ ఆషాఢం నాటికి గోడలు పెచ్చులూడుతుంటే రంగు కంపెనీనీ, మేస్త్రినీ, వీలైతే వాస్తునీ తిట్టుకుంటాం.

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి నైరుతి వానలొక్కటే అయితే సరిపోను. దసరా దగ్గర పడిందంటే బంగాళాఖాతం వైపు చూస్తూ కూర్చోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తిత్లీ, 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి కాస్త ఉత్తరాన గులాబ్. తుపాను వాన పైనుంచి పడదు, అడ్డంగా కొడుతుంది. మామూలు వానకి తడవని గోడ కూడా ఆ ఒక్క రాత్రిలో నిండా తడుస్తుంది. మంచి ఇటిక కూడా తన బరువులో ఐదో వంతు దాకా నీళ్ళు పీల్చొచ్చని మన ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మూడు కిలోల ఇటికంటే అరలీటరు పైమాటే. బట్టీలో సరిగ్గా కాలనిది ఇంకా తాగుతుంది. నిండా నానిన గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున లెక్కేసుకోమని ఇళ్ళు కట్టించేవాళ్ళలో ఒక మోటు లెక్క ఉంది. మన గోడ తొమ్మిదంగుళాలు. నవంబరులో నానిన గోడ డిసెంబరుకి ఎలా ఆరుతుంది?

ఆరినట్టు మాత్రం కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. పైపొర ఆరిపోయి, చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది. మేస్త్రి పుట్టీ లాగుతాడు, మీద ఎమల్షన్ రెండు కోట్లు పడతాయి. మార్చిలో ఎండ ముదరగానే లోపలి తడి బయటికి రావాలని చూస్తుంది, వస్తూ వస్తూ ఇటికలోని, సిమెంటులోని ఉప్పునీ మోసుకొస్తుంది. దారిలో ఈ పొర అడ్డం. తడి దాని వెనకే చేరి రంగుని బుడగల్లా లేపుతుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి పుట్టీని తోస్తుంది. గోడ మీద వేలితో తట్టి చూడండి, బోలుగా మోగుతుంది. ఆ పెచ్చు ఊడదీస్తే వెనకాల తెల్లటి పొడి నూగునూగుగా పేరుకుని ఉంటుంది, ఇటిక అంచులు పిండై రాలుతుంటాయి. పుట్టీ పెచ్చుకి వెనక వైపు ఇటిక రంగు అంటుకుని వస్తుంది. అంటే పోతున్నది రంగొక్కటే కాదు, ఏటా కాస్త కాస్త గోడ కూడా.

ఈ మాటే మా అత్తవారింట్లో అంటే చెల్లలేదు. నరసన్నపేట వైపు పల్లె. “పండక్కి చుట్టాలొస్తారు, గోడలిలాగుంటే ఏటి బాగుంటాది బాబూ?” అన్నారు మా అత్తయ్య. ఆవిడన్నదీ నిజమే. పిల్లనిచ్చిన ఇంటివాళ్ళు, పిల్లని చూడ్డానికొచ్చేవాళ్ళు అందరూ ఆ మూడు రోజుల్లోనే గుమ్మం తొక్కుతారు. తాపీమేస్త్రి ధోరణి అంతకంటే ధీమాగా ఉంది. “ఏటీ కాదు బాబూ, వాటర్‌ప్రూఫ్ కొట్టీసి పుట్టీ నాగించీస్తే మరి సూసుకోనక్కర్లేదు.” కిందటిసారి కొట్టింది కూడా వాటర్‌ప్రూఫే కదా అంటే, అది మంచి కంపెనీ కాదన్నాడు.

నేను చెప్పేదల్లా ఇది: పండక్కి సున్నం వెయ్యండి. ఖర్చు తక్కువ, తెల్లగా ఉంటుంది, చుట్టాల ముందు పరువు దక్కుతుంది, గోడ లోపలి తడి బయటికి పోకుండా ఆపదు. రంగు ఉగాది దాటాక, రోహిణి కార్తె లోపు వేయించుకోండి. దుకాణాల్లో అప్పుడు రద్దీ ఉండదు, మేస్త్రులు కూడా పిలిస్తే పలుకుతారు.

అయితే నెల మార్చినంత మాత్రాన నెమ్ము పోదు. నీళ్ళు ఎట్నుంచి వస్తున్నాయో పట్టుకోనిదే ఏ మందు రాసినా ఒకటే. మన వాళ్ళు గోడ తడిగా కనబడగానే “నెమ్మెక్కింది” అనేసి ఊరుకుంటారు. నేలలోంచి ఎక్కిందా, బయట వాన తోసిందా, పైపు కారుతోందా, స్లాబులోంచి నీళ్ళు దిగుతున్నాయా అన్నది ఎవరూ అడగరు. ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది, ఒకదాని మందు ఇంకోదానికి విషం కూడా కావచ్చు.

గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు, కాస్త ఓపికుండాలి. మచ్చ అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీకు వేసి పెట్టండి. వాన పడ్డ మర్నాడు పెరిగి, ఎండలు కాసిన వారానికి తగ్గితే అది వాన నీరు. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా మెల్లగా పెరుగుతూనే ఉంటే పైపు. బాత్రూం గోడకి అవతలి వైపు అయితే మరీ అనుమానించాలి. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం చూసుకుని, పొద్దున్న ఎవరూ లేవకముందు మళ్ళీ చూడండి. తగ్గితే మంచినీళ్ళ పైపులోనో ఫ్లష్ ట్యాంకులోనో ఉంది దొంగ. తగ్గకపోతే బాత్రూం నేలని అనుమానించాలి. నీళ్ళు పోయే ట్రాపుకి గుడ్డ కుక్కి, నేల మునిగేలా నీళ్ళు నింపి ఒక రోజు వదిలెయ్యండి. అవతలి గోడ చెబుతుంది.

గోడ లోపల్నుంచి తడి వస్తోందా, గదిలో గాలి తడే గోడకి పడుతోందా అని తేల్చుకోవడానికి పాల ప్యాకెట్టు చాలు. కోసి, కడిగి, ఆరబెట్టి, గోడకి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి అంటించండి. రోజో రెండ్రోజులో ఆగి చూస్తే, ప్యాకెట్టు వెనక వైపు నీటి బొట్లు ఉంటే తడి గోడది. ముందు వైపు చెమర్చితే గదిది. మన వైపు ఈ రెండోది తక్కువే. ఏసీ గదిని ఆనుకున్న గోడకి అవతలి వైపూ, బయటి గోడకి ఆనించేసిన బీరువా వెనకా కనబడుతుంది. బీరువాని బెత్తెడు ముందుకి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది, దానికి మేస్త్రి అక్కర్లేదు.

గోడ మీది తెలుపు బూజా, ఉప్పా అన్న సందేహం కూడా చాలామందికి ఉంటుంది. ఒక నీటి బొట్టు వెయ్యండి. కరిగి మాయమైతే ఉప్పు. నల్లగా, పచ్చగా చుక్కలు చుక్కలుగా ఉండి, తుడిస్తే సాగి అంటుకుంటే బూజు. బూజుని తేలిగ్గా తీసుకోకూడదు. ఇళ్ళలో చెమ్మ, బూజుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వేసింది, ఉబ్బసానికీ దగ్గుకీ వాటితో ఉన్న సంబంధాన్ని అందులో గట్టిగానే చెప్పింది. మంచం తలవైపు గోడ నల్లబడిన గదిలో చిన్నపిల్లల్ని పడుకోబెట్టకండి. ఈ విషయంలో ఇంతకంటే వాదన అనవసరం.

ఇక నేలలోంచి ఎక్కే నెమ్ము. మా జిల్లాల్లో పాత ఇళ్ళకి అసలు బెడద ఇదే. దీని గుర్తు తేలిక: నేల దగ్గర్నుంచి మొదలై మోకాలి ఎత్తుకో, నడుం ఎత్తుకో వచ్చి, అలల అంచులా వంకరటింకరగా ఆగిపోతుంది. దానిపైన గోడ శుభ్రంగా ఉంటుంది. గుమ్మం చట్రం అడుగున చెద పట్టి ఉంటే ఇంకా రూఢి. ఇటికలోని, సున్నంలోని సన్నటి సందుల్లో నీళ్ళు వాటంతటవే పైకి పాకుతాయి, గోడ ముఖం మీంచి ఆవిరయ్యేదీ కింద్నుంచి వచ్చేదీ సరిసమానమైన చోట ఆగుతాయి. మాది రాతి పునాది కదా అంటారు కొందరు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు దొరికే జిల్లా మనది, రాతి పునాదులకి కొదవ లేదు. రాయి నీళ్ళు తాగదు సరే, రాయికీ రాయికీ మధ్య ఉన్న మట్టీ సిమెంటూ తాగుతాయి.

పునాది మీద గోడ మొదలుపెట్టే ముందు 40 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పట్టీ వేసి, అందులో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి, మీద వేడి తారు పూయడం పుస్తకంలో ఉన్న పద్ధతి. నేల తడి పైకెక్కకుండా వేసే ఈ అడ్డుపొరని డీపీసీ అంటారు. చాలా ఇళ్ళకి అది లేదు. ఉన్నవాళ్ళకీ, ప్లింత్ బీమ్ (పునాది మీద పోసే కాంక్రీటు దూలం) ఉందిలే అని ధీమాగా ఉన్నవాళ్ళకీ కూడా నెమ్ము ఎందుకు ఎక్కుతోందంటే, బయటి ప్లాస్టరింగ్‌ని బీమ్ మీదుగా నేల దాకా దించేస్తాం. నీళ్ళు బీమ్‌ని దాటక్కర్లేదు, పక్కనున్న ప్లాస్టరు పట్టుకుని ఎక్కేస్తాయి.

దీనికి తోడు రోడ్డు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇక్కడే. మీ ఊళ్ళో ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి ఇంటి ముందు నిలబడి చూడండి. అప్పట్లో వీధి అరుగు మీద కూర్చుంటే కాళ్ళు వేలాడేవి. ఇప్పుడు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు, ఒక్కో పొరకి అరడుగు లేస్తుంది. రెండు పొరలకే అరుగు సగం మునిగింది, మెట్లు రోడ్డు కిందకి పోయాయి, కొన్ని ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్ళాలి. బీమో, డీపీసీయో ఉన్న ఎత్తుని రోడ్డు దాటిపోయాక ఇంక అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. పైగా రోడ్డు మీద వాన నీళ్ళు తిన్నగా గోడ మొదట్లోకి పారతాయి. ఇంటివాళ్ళు చేసేదేమిటంటే లోపల మట్టి పోసి గచ్చు లేపుకుంటారు, పెరడంతా సిమెంటు చేసి గోడకి కలిపేస్తారు. మట్టి నేలైతే కాస్తో కూస్తో తడి అట్నుంచి ఆవిరయ్యేది. అదీ మూసేశాక దానికి మిగిలిన దారి గోడ ఒక్కటే.

కాబట్టి నేల నెమ్ముకి మొదటి ఖర్చు గోడ మీద పెట్టకూడదు, గోడ బయట పెట్టాలి. గోడ పొడుగునా జానెడు వెడల్పు సిమెంటుని కోసి తీసి, లోపలి గచ్చు కంటే కనీసం అరడుగు కిందకి దిగేలా తవ్వి, కంకర నింపి, నీళ్ళు కాలవలోకి పోయేలా వాలు పెట్టాలి. పునాది రాయి కనబడిందని అంతకంటే లోతుకి పోవద్దు. బయటి ప్లాస్టరుని నేలకి అరడుగు పైన కోసేసి, దానికీ నేలకీ లంకె తెంపెయ్యాలి. కూలీ ఖర్చు తప్ప దీనికి సామాను పెద్దగా అక్కర్లేదు. రోడ్డు మీది నుంచి నీళ్ళు ఇటు తిరగకుండా అడ్డుకట్ట కట్టుకోవడం మీ వీధి పరిస్థితిని బట్టి చూసుకోవాలి. కొత్త రోడ్డు మంజూరైందని తెలిసినప్పుడు వీధి వీధంతా వెళ్ళి పాతది తవ్వి పొయ్యమని అడగడం అన్నిటికంటే చవక. కాంక్రీటు లారీ వచ్చాక అడిగితే ఎవడూ వినడు.

ఆ తర్వాత గోడ పని. నెమ్ము గీతకి అడుగు పైదాకా పాత ప్లాస్టరు మొత్తం కొట్టెయ్యాలి, ఎందుకంటే ఉప్పంతా దాంట్లోనే ఉంది. ఈ ఉప్పు సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. నౌపడ కల్లుప్పు సీసాలో పోసి మూత వెయ్యకపోతే శ్రావణంలో నీరుగారిపోవడం మన వంటిళ్ళలో అందరూ చూసిందే. గాలిలో తేమ నూటికి డెబ్బై అయిదు పాళ్ళు దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుంటుంది. గోడలో ఉప్పూ అంతే. కింద్నుంచి నీళ్ళు పూర్తిగా ఆపేసినా, ఉప్పు మిగిలితే ముసురు పట్టిన రోజల్లా గోడ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. చేసిన పనంతా వృథా అయిందని ఇంటివాళ్ళు ఏడుస్తారు. తీరం వెంబడి ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఉప్పు తగిలే బోరు నీళ్ళతోనే సిమెంటు కలుపుతారు, వాటితోనే గోడలు తడుపుతారు. ఇనుము ఉన్న కాంక్రీటుకి కలిపే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల కంటే క్లోరైడు ఉండకూడదని నిబంధన. ఇంటికి లక్షలు పోసేవాళ్ళు బోరు నీళ్ళకి పరీక్ష మాత్రం చేయించరు.

ప్లాస్టరు కొట్టేశాక ఇటికల్ని గట్టి బ్రష్షుతో పొడిగా రుద్ది, రాలిన ఉప్పుని ఊడ్చి దూరంగా పారబొయ్యాలి. నీళ్ళతో కడగొద్దు. కరిగిన ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. ఆ పైన గోడని అలా వదిలెయ్యాలి. వారం కాదు, వేసవి మొత్తం. ఇంట్లో అందరూ ఎదురుతిరిగేది ఈ దశలోనే. ఇటికలు కనిపించే గోడ ముందు సోఫా వేసుకుని కూర్చోవడం మనవాళ్ళకి నామోషీ. అయినా ఆగాలి. తర్వాత ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఏటి ఇసక. నాగావళిదో వంశధారదో పై ఎత్తున తీసిన ఇసక అయితే మంచిది, సముద్రం కలిసే చోట తీసింది వద్దు. వాటర్‌ప్రూఫ్ మందు కలపొద్దు. మీద సున్నమో, గాలాడే రంగో. గోడ మొదట్లో కన్నాలు వేసి మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది, పెద్ద ఊళ్ళ నుంచి మనుషులొచ్చి చేస్తున్నారు. బయట మట్టి దించకుండా, ఉప్పు ప్లాస్టరు తియ్యకుండా అది చేయించుకుంటే డబ్బు దండగ.

గోడకి నడుం ఎత్తున టైల్స్ వేయించేసి పీడా వదిలిందనుకునేవాళ్ళు మా విజయనగరం చుట్టాల్లో ఉన్నారు. రెండో ఏడు టైల్స్ పైఅంచున ఎప్పుడూ లేని కొత్త గీత లేచింది. కింద ఆవిరయ్యే చోటు మూసేస్తే నీళ్ళు ఇంకో రెండడుగులు పైకెక్కి దారి వెతుక్కుంటాయి. ప్లాస్టిక్ షీట్లతో, చెక్క ప్యానెళ్ళతో కప్పేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కనబడదు కాబట్టి లేదనుకుంటారు, చెదలు మాత్రం కనిపెట్టేస్తాయి.

వాన నెమ్ము గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే దాని మందు మన పెద్దవాళ్ళకి తెలుసు. తీరం వైపు చుట్టిళ్ళలో, అంటే గుండ్రటి పూరిళ్ళలో, చూరు ఎంత కిందకి దిగేదంటే నడుం వంచకుండా లోపలికి పోలేం. మట్టి గోడకి వాన చుక్క తగిలేది కాదు. ఇప్పుడు కట్టే డాబాలకి కిటికీల మీద సన్‌షేడు కూడా జానెడే. ప్లాను అందం కోసం అదీ తీసేస్తున్నారు. సిమెంటు గోడ కదా ఏమవుతుంది అనుకుంటారు. వెంట్రుకవాసి పగులు చాలు. తుపాను గాలి నీళ్ళని అందులోంచి తోసేస్తుంది. కిటికీ కింద, చట్రం మూలల్లో మచ్చలుంటే లోపల పుట్టీ కాదు, బయట పగుళ్ళు పూడ్చాలి.

స్లాబు విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పైకప్పు కింద గోధుమరంగు వలయాలు కనిపిస్తే పైన నీళ్ళు నిలుస్తున్నట్టే. పదడుగులకి అంగుళంన్నర వాలైనా ఉందో లేదో చూసుకోండి, తూముల్లో ఆకులు తీయించండి. అనుమానం ఉంటే మట్టితో కట్ట కట్టి రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టి కింద చూడొచ్చు. చదరపు మీటరుకి యాభై కిలోల బరువు అది, కాబట్టి పెచ్చులూడి ఊచలు బయటపడ్డ స్లాబు మీద ఆ ప్రయోగం చెయ్యొద్దు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, రెండింతల నుంచి ఆరింతల దాకా. ఆ ఉబ్బే కాంక్రీటుని పగలగొడుతుంది. ఊడిన చోట పుట్టీ పూసి ఫ్యానుకి కొత్త రంగేసినవాళ్ళని చూశాను. అలాంటి స్లాబుకి తాపీమేస్త్రి చాలడు, ఇంజనీరుని పిలవాలి.

అద్దెకుండేవాళ్ళకి ఒక మాట. ఇల్లు చూసుకోవడానికి ఆగస్టులో వెళ్ళండి. జనవరిలో ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. క్యాలెండరు పైకెత్తి చూడండి, తలుపు వెనక చూడండి, వాసన చూడండి. ఇంటివాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పల్లెల్లో, పాత పేటల్లో ఉమ్మడి గోడల తంటా ఇంకోటుంది. మా అత్తవారి వీధిలో ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకునే ఉంటాయి. ఇటు ఉప్పు తేలుతుంది, చూస్తే అటు వాళ్ళు ఈ మధ్యే బాత్రూం కట్టుకున్నారు. వెళ్ళి మీ వల్లే అంటే జన్మలో మాటలుండవు. వాళ్ళు పెళ్ళికో యాత్రకో ఊరెళ్ళినప్పుడు గోడ మీద పెన్సిలు గీత గీసి పెట్టండి. ఇల్లు తాళం ఉన్నన్నాళ్ళూ మచ్చ కదలకుండా ఉండి, వాళ్ళొచ్చాక మళ్ళీ పెరిగితే గీతలు చూపించి మాట్లాడండి. ట్రాపు మార్పించే ఖర్చులో సగం మేం పెట్టుకుంటామని మొదటి మాటే అనెయ్యండి. ఏటా పండక్కి ఆ గోడకి పెట్టే పుట్టీ డబ్బులకంటే తక్కువే అవుతుంది.